నల్ల మాంసం మీద పందెం

తకువరెంబో ఊళ్ళో ఎర్మెలిండా ముక్కు సంగతి తెలియని మనిషి లేడు. చూడ్డానికి అందులో విశేషమేమీ లేదు. కాస్త పొడుగు, చలికాలంలో కొస ఎర్రబడుతుంది, అంతే. కానీ ఆవిడ పొద్దున్నే పనికి నడిచి వెళ్తూ "ఈ ఇంట్లో నిన్న పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, తుడవలేదు" అందంటే, ఆ ఇంటావిడ తలుపు తీసి "ఎవరే నీకు చెప్పింది?" అని పోట్లాటకొచ్చేది. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ముక్కు ఊరంతటికీ వార్తాపత్రిక.

ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక రైల్వే గుమాస్తా ఆవిణ్ణి చేసుకుంటానని ఆర్నెల్లు తిరిగాడు. బుద్ధిమంతుడు, తాగడు, అకార్డియన్ వాయిస్తాడు. ఆర్నెల్లయ్యాక ఎర్మెలిండా వద్దంది.

"ఏం లోటే అతనికి?" అని వదిన దెల్మిరా నిలదీసింది.

"లోటేం లేదు వదినా. ఆయన టోపీ లోపల తడి ఎప్పుడూ ఆరదు. జన్మంతా ఆ టోపీ పక్కన ఎలా బతకమంటావ్?"

గుమాస్తా వేరే ఊళ్ళో వేరే అమ్మాయిని చేసుకున్నాడు. ఎర్మెలిండా మాత్రం అన్నయ్య ఇంటి వెనక, అదే పెరట్లో ఉన్న రెండు గదుల్లో, ఒక కుర్చీ, ఒక రేడియో, ఎప్పటికీ పూర్తికాని ఒక స్వెటరుతో హాయిగా ఉండిపోయింది.

ఆవిడ పని ఊరి చివర మాంసం ఫ్యాక్టరీలో. పందొమ్మిదో ఏట చేరింది. మొదట పదేళ్ళూ ఎముకల మీద మిగిలిన మాంసం గీకడమే. తర్వాత పందొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో సంచులు వచ్చాయి. దళసరి ప్లాస్టిక్ సంచిలో ముక్క పెట్టి మెషీన్ మూత దించితే, లోపలి గాలంతా ఒక్క గుక్కలో లాగేసి మూతి అతికేసేది. ఆ తర్వాత వేణ్ణీళ్ళలో ఒక్క మునక. సంచి ముడుచుకుని మాంసానికి రెండో చర్మంలా పట్టేసేది. అలా కట్టిన మాంసం గడ్డకట్టకుండా, ఊరికే చల్లగా, ఓడెక్కి ఆరు వారాలు సముద్రం మీద పోయి, అవతలి గట్టున దిగేసరికి నిన్న కోసినట్టే ఉండేదట. ఆడవాళ్ళెవరూ నమ్మలేదు. "నిన్న కోసినట్టుందని ఎవరు చెప్పారు, మాంసం ఉత్తరం రాసిందా?" అని నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు చలిగదిలో పెట్టెల దొంతర పక్కనుంచి వెళ్తూ ఎర్మెలిండా ఆగిపోయింది.

"ఇందులో ఒక సంచికి గాలి దూరింది" అంది.

మేస్త్రీ పకపకా నవ్వాడు. "పైన అట్టపెట్టె, దాన్లో ప్లాస్టిక్కు, దాన్లో మాంసం. నువ్వేమన్నా వేటకుక్కవా?"

"కుక్కనైతే జీతం అడగను కదయ్యా. తెరువు."

పెట్టెలన్నీ ఒక్కొక్కటే తెరిచారు. అడుగున, దాదాపు ఆఖరి పెట్టెలో, ఒక సంచి పళ్ళు లేని తాత బుగ్గలా వదులుగా వేలాడుతూ కనిపించింది. మేస్త్రీ ముక్కున వేలేసుకున్నాడు. తర్వాత ఆ వేలితోనే ముక్కు మూసుకున్నాడు.

ఈ కబురు ల్యాబులో ఉండే పశువుల డాక్టరు ఇరురెతాకి చేరింది. ఆయన సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. జేబులో మూడు పెన్నులుండేవి, ఒక్కటీ రాసేది కాదు. "ఆ ముక్కు నాకు కావాలి. వీలైతే మిగతా మనిషిని కూడా పంపండి" అని కబురు పెట్టాడు. అలా ఎర్మెలిండా కత్తి వదిలి తెల్లకోటు వేసుకుంది.

ల్యాబులో గాజు పళ్ళేలుండేవి. వాటిలో పల్చగా జెల్లీ. మాంసం మీద రుద్దిన దూదిని ఆ జెల్లీ మీద రాసి వెచ్చగా ఉంచితే, రెండు రోజులకి చుక్కలు మొలిచేవి. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క సూక్ష్మజీవి సంతానం. వాటిని లెక్కపెట్టడం ఎర్మెలిండా పని.

"చలిలో కూడా ఆగకుండా పెరిగేవి కొన్ని ఉన్నాయమ్మా" అని డాక్టరు చెప్పాడు. "వాటికి గాలి కావాలి. గాలి దొరికితే వారం పది రోజుల్లో ముక్కంతా జిగురు చేసి కంపు కొట్టిస్తాయి. గాలి తీసేశామనుకో, చతికిలబడతాయి. అప్పుడు గాలి లేకపోయినా బతకగలిగేవి మెల్లగా వచ్చి ఆ చోట్లో కూర్చుంటాయి. అవి చేసేదల్లా కొంచెం పులుపు. ఆ పులుపే మిగతావాటిని దగ్గరికి రానివ్వదు."

ఎర్మెలిండా తలూపింది. "తెలిసింది డాక్టరు గారూ. మొదటివాళ్ళు పిలవకుండా పెళ్ళికొచ్చే చుట్టాలు. తింటారు, ఇల్లు పాడుచేస్తారు, పిల్లల్ని కూడా తెచ్చుకుంటారు. రెండోది గుమ్మంలో కుర్చీ వేసుక్కూర్చునే ముసలత్త. సణుగుతూనే ఉంటుంది గానీ, ఆవిడ ఉండగా ఇంకొకళ్ళు గడప తొక్కలేరు."

డాక్టరు చేతిలో పళ్ళెం కింద పెట్టాడు. "నేను ఐదేళ్ళు చదివింది ఇదేనమ్మా" అన్నాడు.

ఇదంతా ఇంటికొచ్చి చెబితే వినేవాడు ఒక్కడే, అన్నయ్య అపారిసియో. అదీ కాదనడానికే వినేవాడు. ఆయనది మాంసం కొట్టు, నాన్న ఇచ్చిపోయింది. కొక్కేలకి సగం పశువులు వేలాడుతుంటే, వాటి మధ్య ఆయనా, ఆయన మీసాలూ. ఆ మీసాలు గడ్డం దాటి కిందకి దిగి మళ్ళీ పైకి తిరిగేవి. ఆయన మాట్లాడేటప్పుడు అవి కూడా అవునంటున్నట్టుండేది. సంచి మాంసం మాటెత్తితే చాలు, ఆయనకి ఒళ్ళు మండేది.

"మాంసం అంటే వేలాడాలి. గాలి తగలాలి. ఎర్రగా నీ మొహం చూసి నవ్వాలి. మీ సంచిలోది చూడు, వంకాయ! మాంసం ఊపిరి పీల్చుకోవాలే చెల్లీ."

"చచ్చినదానికి ఊపిరేంటి అన్నయ్యా? ఊపిరి పీల్చుకునేది దాని మీద కూర్చున్న క్రిములు."

"నా కొట్లో క్రిముల్లేవు."

"ఉన్నాయి. నిన్ను చూసి మర్యాదకి లేచి నిలబడవంతే."

రోజూ సాయంత్రం పెరట్లో కూర్చుని, ఒకే గ్లాసులో మాతే కషాయం ఒకరి తర్వాత ఒకరు పీలుస్తూ, ఇదే రకంగా కొట్లాడుకునేవాళ్ళు. పదమూడేళ్ళుగా ఇద్దరిలో ఒక్కరూ అంగుళం జరగలేదు. దెల్మిరా రెండు చెవుల్లోనూ దూది పెట్టుకుని బట్టలు కుట్టుకునేది.

భూగోళానికి ఆ కిందివైపున చలికాలమంటే జూలైయే. తొంభై ఒకటి జూలైలో చలి గట్టిగా కొట్టింది. ఎర్మెలిండాకి జ్వరం పట్టుకుంది. పదిరోజులకి తగ్గింది. తగ్గిన రోజు పొద్దున మాతే పీల్చి, "ఈసారి ఆకు మోసం. ఉత్త వేణ్ణీళ్ళలా ఉంది" అని కొట్టువాణ్ణి తిట్టడానికి బయల్దేరింది. సగం దారిలో బేకరీ ఉంది. బేకరీ ముందుకొచ్చి ఆగింది. లోపల రొట్టెలు పొయ్యిలోంచి దిగుతున్నాయి, కళ్ళకి కనిపిస్తున్నాయి. ముక్కుకి మాత్రం ఏమీ లేదు. కొట్టుకి వెళ్ళకుండా వెనక్కి తిరిగి వచ్చేసింది.

నాలుగు రోజుల్లో పోతుందనుకుంది. యూకలిప్టస్ ఆవిరి పట్టింది. ఉల్లిపాయ కోసి మొహం మీద పెట్టుకుంటే కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి గానీ వాసన రాలేదు. ఆగస్టు వచ్చింది. ముక్కు తలుపు మూసుకునే ఉంది.

ఎవరికి చెబుతుంది? ల్యాబులో రోజూ పొద్దున అనుమానం ఉన్న సంచులు ఆవిడ బల్ల మీద పెడతారు. మొదటి రోజు ఎప్పటిలాగే కళ్ళు మూసుకుని వంగి గాలి పీల్చింది. గోడకి ముక్కు ఆనించినట్టుంది. ఏదో ఒకటి చేయాలి కదా అని చేతులు సంచి మీద నడిపించింది. అప్పుడు వేళ్ళకి తెలిసింది. గట్టిగా పట్టిన సంచి ఒకలా ఉంటుంది, వదులైనది ఇంకోలా. వదులైన దాన్లో బుడగ వేలికింద జారుతుంది. ఊరిన రసం తేటగా ఉందా, పేరినట్టుందా కంటికి తెలుస్తుంది. తెరిచాక నల్లదనం పోయి ఎరుపు తిరుగుతుందా, లేక పచ్చగా మట్టిరంగుగా ఉండిపోతుందా చూడొచ్చు. రెండు వేళ్ళ మధ్య రుద్దితే జిగురు తెలుస్తుంది. ఇంతా చేసి అనుమానం మిగిలితే, "ఇది పళ్ళెంలో వేసి చూద్దాం డాక్టరు గారూ" అనేది. వయసుతో పాటు ఈవిడకి జాగ్రత్త పెరిగిందని డాక్టరు అనుకున్నాడు.

సెప్టెంబరులో ఒక ఆదివారం పొయ్యి మీద పాలు, చక్కెర పెట్టి, పాలకోవా అవుతుండగా పక్కనే కూర్చుని స్వెటరు అల్లుతోంది. ఉన్నట్టుండి అపారిసియో పెరడు దాటి పరిగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పేశాడు. గిన్నె అడుగు బొగ్గయింది. గదంతా పొగ.

"పొయ్యి పక్కన నిద్రపోతావేంటే?" అన్నాడు.

"కునుకు పట్టేసింది అన్నయ్యా."

ఆయన గిన్నె వంక చూశాడు, ఆవిడ చేతుల్లో సూదుల వంక చూశాడు, కిటికీ తెరిచి వెళ్ళిపోయాడు. నమ్మాడని ఎర్మెలిండా ఊపిరి పీల్చుకుంది.

జనవరిలో బంతులాట క్లబ్బు వార్షికోత్సవం వచ్చింది. ఏటా అందరూ కలిసి నిప్పుల మీద మాంసం కాల్చుకుని తింటారు. ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు మూడు సంచుల మాంసం కానుకగా పంపారు. దెల్మిరా మొదటి సంచి కోసి లోపలికి చూసి, "అమ్మో, ఇది పోయి నెలైనట్టుంది!" అని దాన్ని చెత్త తొట్టి వైపు పట్టుకెళ్తోంది.

అపారిసియో మీసం మెలేశాడు. "ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నాను. ఊపిరాడకుండా చంపేశారు పాపం."

"అది అంతకుముందే చచ్చింది అన్నయ్యా. వదినా, ఆగు! బల్ల మీద పెట్టు. ఎవరూ ముట్టుకోకండి. అరగంట గాలి తగలనివ్వండి."

నలభై మంది బల్ల చుట్టూ మూగారు. కాసేపు ఏమీ కాలేదు. తర్వాత అంచుల్లో వంకాయ రంగు పల్చబడి, మెల్లగా ఎరుపు పాకింది. అరగంటకి ముక్క ముక్కంతా చెర్రీపండులా మెరిసింది. గాలి లేకపోతే అలా నల్లబడుతుంది, తగిలితే ఎర్రబడుతుంది, అంతకు మించి అందులో మాయ లేదు.

"చూశావా!" అంది ఎర్మెలిండా.

"చూశాను" అన్నాడు అపారిసియో. "ఇంతమంది ముందు గుడ్డలు విప్పి పడుకోబెడితే ఎవరైనా సిగ్గుతో ఎర్రబడతారు."

క్లబ్బంతా గొల్లుమంది. ఎర్మెలిండాకి అరికాలి మంట నెత్తికెక్కింది. "సరే, పందెం. ఒకే కోడె, ఒకే నడుం ముక్క. నీ సగం నీ కొట్టులో నీ ఇష్టమొచ్చినట్టు వేలాడదీసుకో. నా సగం సంచిలో. అదే చలిగది. ఇరవై ఎనిమిది రోజులు. నువ్వు ఓడితే మార్చిలో గౌచోల పండక్కి మీసం తీసేసి గుర్రమెక్కాలి."

నవ్వులు ఆగిపోయాయి. గౌచోలంటే గుర్రాల మీద తిరుగుతూ పశువులు కాసే రౌతులు. వాళ్ళ పండగ ఊరేగింపులో మీసం లేని రౌతు అంటే జీను లేని గుర్రమే.

"నువ్వు ఓడితే?" అన్నాడు ఆయన, గొంతు కాస్త తగ్గించి.

"నీ కొట్టు ముందు నిలబడి 'సంచి మాంసం మా అన్నయ్య బూట్లకి కూడా పనికిరాదు' అని మూడు శనివారాలు అరుస్తాను."

"తీర్పెవరు చెబుతారు?" అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు సెనోబియో. ఆయనకి మందుల షాపుంది. "ఇంకెవరు, ఎర్మెలిండాయే చెప్పాలి. ఆ ముక్కు అబద్ధమాడదు."

అందరూ సరే అన్నారు. అపారిసియో ఒక్కడే గొణిగాడు. "పందెం కాసిన మనిషే తీర్పు చెప్పడమేంటి? వద్దు. ఇంకెవర్నైనా పెట్టండి."

అక్కడే ఎర్మెలిండా జారిపోవచ్చు. కానీ రోషం అడ్డొచ్చింది. "ఏం, నా ముక్కు మీద నమ్మకం లేదా? నేనే చెబుతాను" అనేసింది. అన్న తర్వాత నాలుక కరుచుకుంది.

ఆ శనివారం డాక్టరు గారి అనుమతితో ఫ్యాక్టరీ మెషీన్ దగ్గర సంచులు కట్టారు. అపారిసియో దగ్గరుండి చూశాడు. రెండు సంచులకి సరిపడా మాంసం ఉంది. రెండో ముక్కకి పక్కటెముక ఉంచమని పట్టుబట్టాడు. "ఎముక లేకపోతే అది మాంసమెలా అవుతుంది?"

"ఎముక మొన సంచిని పొడుస్తుంది అన్నయ్యా. అందుకే దాని మీద దళసరి గుడ్డ వేస్తాం."

"గుడ్డలూ గౌన్లూ ఏమీ వద్దు. పందెం పందెమే."

రెండు సంచులూ ఆయన చలిగదిలోకే చేరాయి. వాటిని ఉంచిన పెట్టెకి రెండు తాళాలు, ఒకటి ఆయనది, ఒకటి సెనోబియోది. పక్కనే కొక్కేనికి అపారిసియో వాటా. వదిన కూడా ఊరుకోలేదు. కొత్తగా తెరిచిన పెద్ద దుకాణంలో లాగా ఒక చిన్న ముక్కని పళ్ళెంలో పెట్టి పల్చటి ప్లాస్టిక్ కాగితం చుట్టి, "నాది కూడా చూడండి, ముచ్చటగా ఉంది" అంది.

ముచ్చట ఐదు రోజులే. ఆ పల్చటి కాగితంలోంచి గాలి దూరుతూనే ఉంటుంది. పైకి ఇంకా ఎర్రగా నవ్వుతూనే ఉంది గానీ, కాగితం తీసి వేలు పెడితే జారింది. దెల్మిరా దాన్ని చూసి, "మా పెద్దత్తయ్యలా ఉంది. రంగు పూసుకుంటుంది గానీ లోపల బాగోలేదు" అని పారేసింది.

అపారిసియో వాటా మొదటి నాలుగు రోజులు వెలిగిపోయింది. కొట్టుకొచ్చిన ప్రతివాణ్ణీ లోపలికి తీసుకెళ్ళి, "ఎలా ఉంది?" అని అడిగేవాడు. ఎనిమిదో రోజుకి అంచులు గోధుమరంగుకి తిరిగాయి. పదో రోజుకి పైన జిగురు పట్టింది. ఆయన చాటుగా వెనిగరుతో కడిగాడు. పన్నెండో రోజు పైపొర కోసేశాడు. లోపల బాగుంది. రెండు రోజుల్లో ఆ లోపలిది కూడా పైపొర అయింది. మళ్ళీ కోశాడు. అలా రోజుకింత చెక్కుతూ పోయాడు, పెన్సిలు చెక్కినట్టు.

"అది మాంసం కాదు, నీ మొండితనం. పారెయ్" అంది దెల్మిరా.

"ఇంకా ఉంది కదే."

"ఉంది. బటానీ గింజంత అయ్యాక చెప్పు, పులుసులో వేస్తాను."

ఫిబ్రవరి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు ఆవరణ నిండిపోయింది. డాక్టరు ఇరురెతా కూడా రెండో వరసలో కుర్చీ వేసుకున్నాడు. అపారిసియో తన వాటా తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుప్పిట్లో పట్టేంత ఉంది.

"మిగతాది ఊపిరి పీల్చుకోవడానికి బయటికెళ్ళిందా అపారిసియో గారూ?" అని ఎవరో అరిచారు. ఆయన మీసాల్లో మొహం దాచుకున్నాడు.

ఎర్మెలిండా మొదటి సంచి తీసుకుంది. గట్టిగా, బిగుతుగా ఉంది. కోసింది. వంకాయ రంగు. వంగి, కళ్ళు మూసుకుని, అందరికీ వినపడేలా గాలి పీల్చింది. "కొంచెం పెరుగు వాసన. కాసేపట్లో పోతుంది" అంది. వాసన తెలిసి కాదు, పదమూడేళ్ళుగా అంతే కాబట్టి. ముందు వరసవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వాసన చూసి, "నిజమే, పెరుగే" అన్నారు. అరగంటకి ముక్క ఎర్రబడింది. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్లే ఆవిడ కొంపముంచాయి. దెల్మిరా రెండో సంచిని తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఎర్మెలిండా గుడ్డ పూర్తిగా విప్పనే లేదు. వేళ్ళతో తడమలేదు, కంటితో చూడలేదు. జనం వైపు తిరిగి నవ్వుతూనే కత్తి దింపింది. రెండు చేతులూ చాచి, రొమ్ము నిండా గాలి పీల్చింది.

"ఇది ఇంకా బాగుంది! ఇవాళ పొద్దున కోసినట్టుంది!"

కళ్ళు తెరిచింది. ముందు వరసలో అందరి చేతిరుమాళ్ళూ ముక్కుల మీదికి వెళ్ళాయి. సెనోబియో టోపీతో మొహం కప్పుకున్నాడు. క్లబ్బు కుక్క, పుట్టి బుద్ధెరిగి మాంసాన్ని కాదనని కుక్క, లేచి వీధిలోకి వెళ్ళిపోయింది.

ఎర్మెలిండా మెల్లగా కిందికి చూసింది. సంచి వదులుగా ఉంది. మాంసం పచ్చగా, మట్టిరంగుగా ఉంది.

అపారిసియో పెద్దగా నవ్వాడు. "ఏంటర్రా అలా చూస్తారు? మా చెల్లి మీతో ఆడుకుంటోంది! మీ ముక్కులు పనిచేస్తున్నాయో లేదో చూస్తోంది!" అంటూ వచ్చి ఆవిడ చేతిలోంచి సంచి లాక్కున్నాడు. మాంసం తొట్టిలో పడేసి, కోసిన మూతి గుప్పిట బిగించి, కుళాయి కింద నీళ్ళు పట్టాడు. సంచి పక్కనుంచి దారంలాంటి నీటిధార చిమ్మి ఆయన బూట్ల మీద పడింది.

"ఇదిగో చిల్లు! ఎముక మొన పొడిచింది. ఎముక ఉంచమన్నదెవరు? నేను. గుడ్డ వద్దన్నదెవరు? నేను. చూడండి, ఒకే కోడె, ఒకే గది, అవే రోజులు. చిల్లు లేనిది పెరుగులా ఉంది, సూదిమొనంత చిల్లున్నది కుక్కని తరిమింది. ఇంతకన్నా ఏం రుజువు కావాలి? గాలి దూరితే అంతే. నేను ఓడిపోయాను. మంగలిని పిలవండి!"

జనం కేకలు, ఈలలు. ఎర్మెలిండా అన్నయ్యనే చూస్తోంది. పేకాటలో కూడా ఓడిపోయానని ఒప్పుకోని మనిషి. పదమూడేళ్ళుగా తను చెబుతూ వచ్చిన పాఠాన్ని ఒక్క ముక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు.

"ఎప్పట్నుంచి తెలుసు?" అంది గొంతు తగ్గించి.

"కోవా మాడిన రోజు. నిద్రపోయేవాళ్ళు స్వెటరు అల్లరు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్పలేదు కదా. నీ ముక్కు, నీ ఇష్టం."

అక్కడితో సరిపోయేది. అందరూ వేళాకోళమనే నమ్మేశారు. కానీ రెండో వరసలో డాక్టరు నవ్వడం లేదు. ఎర్మెలిండా చేతులు కోటుకి తుడుచుకుని బల్ల ముందుకొచ్చింది.

"మా అన్నయ్య అబద్ధమాడుతున్నాడు. నేను ఆటలాడలేదు. జూలైలో జ్వరమొచ్చినప్పట్నుంచీ నాకు వాసన తెలీదు. ఇందాక మొదటి సంచి గురించి చెప్పింది కూడా ఊహించి చెప్పిందే."

వెనకనుంచి ఒకావిడ గొంతు, పాలు పొంగించే ఇంటావిడది: "అందుకా ఏడు నెలలుగా మా ఇంటి మీద ఒక్క మాటా అనలేదు! నేనింకా శుభ్రంగా ఉండటం నేర్చుకున్నాననుకుని మురిసిపోతున్నాను!"

ఆ నవ్వుల్లో ఎర్మెలిండాకి ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. దెల్మిరా వచ్చి చెయ్యి పట్టుకుంది. చెవుల్లో దూది తీసేసి ఉంది.

సోమవారం పొద్దున పని పోయిందనుకునే ల్యాబుకి వెళ్ళింది. తెల్లకోటు ఉతికి మడతపెట్టి తీసుకెళ్ళింది, అప్పజెప్పడానికి. డాక్టరు దినచర్య పుస్తకం తిరగేస్తున్నాడు.

"ఏడు నెలల్లో నువ్వు బాగుందన్న సంచి ఒక్కటీ పాడవలేదు. పాడైందన్నది ఒక్కటీ తప్పు కాలేదు. ముక్కు లేకుండా ఎలా చేశావమ్మా?"

ఆవిడ చెప్పింది. వేళ్ళు, బుడగ, రసం, రంగు, జిగురు, చివరికి పళ్ళెం. డాక్టరు పెన్ను తీశాడు, రాయలేదు. రెండోది తీశాడు. మూడోది కూడా రాయకపోతే ఆవిడే తన పెన్సిలు ఇచ్చింది.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు, నెమ్మదిగా" అన్నాడు. "నీ ముక్కుని ఇంకొకళ్ళకి నేర్పించలేక పదమూడేళ్ళు తలపట్టుక్కూర్చున్నాను. వేళ్ళని నేర్పించవచ్చు."

"నిన్నటి రెండో సంచి మాత్రం నేను తడమలేదు డాక్టరు గారూ."

"అది కూడా రాస్తాను. చప్పట్లు కొడుతుంటే సంచి కోయకూడదు అని."

ఆ వారమే మంగలి వచ్చాడు. అపారిసియో పెరట్లో కుర్చీలో కూర్చుని, ఉరికంబమెక్కేవాడిలా ఆకాశం చూశాడు. మీసం పోయాక పైపెదవి తెల్లగా, లేతగా బయటపడింది. దెల్మిరా అద్దం తెచ్చి, ఆయనకివ్వకుండా తనే అటూ ఇటూ తిరిగి చూసింది. "పెళ్ళైన ఇరవై రెండేళ్ళకి నీ మొహం చూశాను. పర్లేదు, బానే ఉంది. ఇన్నాళ్ళూ భయపడ్డాను" అంది. ఊరేగింపులో గుర్రం మీద వెళ్తుంటే మైకు పట్టుకున్నాయన గుర్తుపట్టక, "ఈ వచ్చే పెద్దమనిషి ఎవరో పొరుగూరి అతిథి, స్వాగతం!" అన్నాడు. అపారిసియో కోపంతో ఎర్రబడితే, వీధి పక్కన ఎర్మెలిండా పగలబడి నవ్వింది.

ఆవిడ ఫ్యాక్టరీలో ఇంకో పదహారేళ్ళు పనిచేసింది. ఆవిడ చేతికింద ఎంతోమంది ఆడవాళ్ళు సంచి తడమడం నేర్చుకున్నారు. కళ్ళకి గుడ్డ కట్టి నేర్పేది. వాళ్ళలో ఒకావిడ, ముగ్గురు పిల్లల తల్లి, రెండేళ్ళలోనే గురువుని మించిపోయింది. ఎర్మెలిండాకి అది మింగుడు పడటానికి ఒక చలికాలం పట్టింది.

వాసన పూర్తిగా తిరిగిరాలేదు. డాక్టర్లు ఆశ పెట్టుకోవద్దన్నారు, ఆవిడా పెట్టుకోలేదు. తొంభై ఆరు జూన్‌లో ఒక పొద్దున బస్సు కోసం నిలబడి ఉండగా, ముక్కులో ఏదో చురుక్కుమంది. అటూ ఇటూ చూసింది. పక్కనున్న పెద్దాయన నారింజ ఒలుస్తున్నాడు. ఎర్మెలిండా ఆయన చేతికి ముక్కు ఆనించేంత దగ్గరికి వెళ్ళి, "ఆపకండి, ఇంకొంచెం ఒలవండి" అంది. ఆ పెద్దాయన హడలిపోయి పండు మొత్తం ఆవిడ చేతిలో పెట్టి రెండడుగులు వెనక్కి జరిగాడు. ఎర్మెలిండా ఆ వచ్చిన బస్సు వదిలేసింది. తర్వాతి బస్సు వచ్చేదాకా అక్కడే నిలబడి, తొనలు పక్కన పెట్టి, తొక్కే వాసన చూస్తూ ఉండిపోయింది.